నా నేరాన్ని నిరూపించవలసిందిగా మనవి

ప్రయోగశాల,
రెండో అంతస్తు, కిటికీ లేని గది.

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీరూ నేనూ ఫోనులో మాట్లాడుకుంటే మూడో మాటకే గొంతులు లేస్తాయనీ, ఇకమీదట మనమధ్య ఏ విషయమైనా కాగితం మీదే తేల్చుకోవాలనీ అక్కయ్య జారీ చేసిన ఉత్తర్వును శిరసావహిస్తూ ఈ లేఖ రాస్తున్నాను. తీగ లేకుండా కబురు పంపే విద్యలో పట్టా పుచ్చుకున్నవాణ్ణి, తపాలా బిళ్ళలు నాకుతున్నాను. దీన్ని ప్రారబ్ధం అనక ఏమంటారు?

విషయమేమనగా, మీరు సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే గోదాముల ప్రాంగణంలో ఇటీవల స్తంభాల మీద బిగించిన తెల్లటి పెట్టెలు ఈ అల్పుడి సృష్టి. చలికాలం పొగమంచు కమ్మితే కెమెరాలు గుడ్డివైపోతున్నాయని మీ యాజమాన్యం మా సంస్థను ఆశ్రయించింది. రాడార్ తరంగానికి పొగమంచు ఒక లెక్క కాదు. ఒక్కో పెట్టె ఒక తరంగాన్ని వదులుతుంది. అది బండికి తగిలి తిరిగి రావడానికి పట్టిన ఆలస్యాన్ని బట్టి బండి ఎంత దూరంలో ఉందో చెబుతుంది. ఏ దిక్కున ఉందో మాత్రం దానికి తెలియదు. అందుచేత పెట్టెలన్నీ గాలిలోనే తమలో తాము సంప్రదించుకుని, ఎవరి దూరాలు ఎక్కడ కలిస్తే అక్కడే బండి ఉందని తీర్మానిస్తాయి. విడివిడిగా ప్రతి పెట్టే అజ్ఞాని, కూర్చుని మాట్లాడుకుంటే సర్వజ్ఞులు. మా శాఖ సమావేశాల్లో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది.

ఈ ప్రాజెక్టుకు నేను ముఖ్య పరిశోధకుణ్ణి. నా కింద ఎవరూ లేరు గనుక నా ముఖ్యత్వం మీద వివాదం లేదు. ఎండలు ముదిరేలోపు మీ మేనేజరు 'పనిచేస్తోంది' అని సంతకం పెడితే, కొన్ని చలికాలాలుగా తాత్కాలికంగా వేలాడుతున్న నా ఉద్యోగం శాశ్వతమవుతుంది. మీ డ్రైవర్లు ఏమనుకుంటున్నారో అనధికారికంగా తెలియజేయ ప్రార్థన.

విధేయుడు,
మీ బావమరిది
(ఈ పదవి మాత్రం శాశ్వతం)


గోదాముల ప్రాంగణం,
డ్రైవర్ల విశ్రాంతి గది, కుంటి బల్ల దగ్గర నుంచి.

ముఖ్య పరిశోధకుడైన బావమరిదికి,

ఆశీస్సులు. నీ లేఖ అందింది. ఇరవయ్యేళ్ల సర్వీసులో మెమోలకు సంజాయిషీలు రాసి రాసి నాకు మామూలు భాష మరుగున పడిపోయింది. కావున ఈ జవాబు కూడా సంజాయిషీలాగే వినిపిస్తే మన్నించు. ఇంట్లో కూర మాడిందని అడిగినా నేను 'పై విషయమై తమకు విన్నవించునది' అని మొదలుపెడతానని మీ అక్క ఫిర్యాదు.

నీ పెట్టెలకు ఇక్కడ 'చాడీల పెట్టెలు' అన్న పేరు స్థిరపడింది. నిన్న ఒకడు నా దగ్గరికొచ్చి, "ఏంటన్నా, టీకి ఆగినా అది పైకి చెప్పేస్తుందట?" అన్నాడు. "చెబుతుంది. ఎన్ని గుక్కలు తాగావో కూడా చెబుతుంది" అని భయపెట్టి పంపాను. అవి నీవని మాత్రం ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే మన ఇంటి మీదికి రాళ్లొస్తాయి. అయినా చెప్పుకోదగ్గ గొప్పేముంది అందులో?

మాలో ఒక కొత్త డ్రైవరమ్మ చేరింది. సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకుంటుంది గనుక అందరూ కళ్ళజోడు అంటారు. బండి నేర్పింది నేనే. అంతకుముందు చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేదట. "అక్కడ కూర్చున్నచోటే కూర్చోవాలన్నా. ఇక్కడ కూర్చుని కూడా తిరగొచ్చు" అంటుంది. ఈ చలికాలం దాటితే ఆమె పరీక్షాకాలం ముగిసి ఉద్యోగం ఖాయమవుతుంది. ఈలోగా ఒక్క నల్లగీత పడినా గేటు బయటికే. నా శిష్యురాలు గనుక పడదు. గురువు మీద ఇప్పటికి పడ్డ నల్లగీతల సంఖ్య ఇక్కడ అప్రస్తుతం.

ఇట్లు,
బావ

తమ్ముడూ, అంటించే ముందు నేను చదువుతాను కదా, అందుకని రాస్తున్నా. ఆ రోజు కూర మాడలేదు. ఆయన మాడ్చారు. — అక్క


ప్రయోగశాల,
అదే గది, కాని ఇవాళ వెలుగుగా అనిపిస్తోంది.

బావగారికి,

ఈ లేఖ పట్టలేని ఆనందంతో రాస్తున్నాను. మొన్నటి పొగమంచు ఉదయాన మూడో షెడ్డు మూల నిప్పార్పే నీళ్ల గొట్టాన్ని ఏదో ఫోర్క్‌లిఫ్ట్ గుద్దేసి వెళ్లిపోయిందనీ, నీళ్లు లోపలికి పారి కాగితపు చుట్టలన్నీ ముద్దయిపోయాయనీ, చూసిన నరమానవుడు లేడనీ, కెమెరాల్లో తెల్లదనం తప్ప మరేమీ లేదనీ మీ మేనేజరు రాశారు. ఎవరి బండో తేల్చమన్నారు.

నా పెట్టెలు తేల్చాయి. నాలుగో నంబరు. ఆ సమయంలో ఆ మూలన ఉన్నది అదొక్కటే. మీ ఏడో నంబరు పడమటి సందులో, దూరంగా, సంసారపక్షంగా వెళ్లిపోతున్నట్టు తెర మీద స్పష్టంగా కనబడుతోంది. మన కుటుంబ ప్రతిష్ఠ నా యంత్రం చేతిలో భద్రం.

ధ్రువపత్రం మీద సంతకం పెట్టడానికి కొత్త కలం కొన్నాను. పాతదానికి అంత యోగ్యత ఉందనిపించలేదు. మా డైరెక్టరు నన్ను పేరు పెట్టి పిలిచి అభినందించారు. అది నా ముందు బల్ల ఆయన పేరు, అయినా నావైపే చూసి పిలిచారు.

ఇంతకీ నాలుగో నంబరు నడిపే ప్రబుద్ధుడెవరు?

విజయగర్వంతో,
బావమరిది


గోదాముల ప్రాంగణం,
కుంటి బల్ల.

బావమరిదికి,

నీ విజయవార్త చేరింది. నాలుగో నంబరు నడిపేది కళ్ళజోడు.

విచారణ ముగిసేదాకా ఆమెను పనిలోంచి ఆపారు. "నేను ఆ మూలకే పోలేదు సార్" అంది. మేనేజరు తెర చూపించాడు. తెర మీద చుక్క ఆ మూలకే పోయింది. ఆమె అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. చుక్క అక్కడే ఉంది.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. టీ పల్చగా ఉంటోంది.

ఊరికే, జ్ఞానం కోసం అడుగుతున్నాను. నీ పెట్టెలు ఎప్పుడైనా పొరబడతాయా?

బావ

తమ్ముడూ, మీ బావకు ఒంట్లో బాగున్నట్టు లేదు. ఎవరూ చెప్పకుండానే గిన్నెలు తోముతున్నారు. నిన్న కూరలో ఉప్పు మరిచిపోయాను, ఒక్క మాట అనకుండా తినేశారు. పెళ్లయ్యాక ఇలా జరగడం ఇది రెండోసారి. మొదటిసారి నా గొలుసు ఎక్కడో పారేసుకొచ్చినప్పుడు. — అక్క


ప్రయోగశాల,
రెండో అంతస్తు.

బావగారికి,

మీ జ్ఞానతృష్ణకు వందనం. పొరబడవు. నూటికి తొంభైతొమ్మిదిసార్లు మూరెడు తేడాలోపలే చెబుతాయి. మిగిలిన ఒక్కసారి గురించి నివేదిక చివరి అనుబంధంలో చిన్న అక్షరాలతో రాశాను. అనుబంధాలు ఎవరూ చదవరు గనుక అక్కడ పూర్తి నిజాయితీ పాటించాను.

అడిగారు గనుక ఒక సంగతి విన్నవిస్తాను. రాడార్‌కు దూరం తెలుస్తుందిగాని పేరు తెలియదు. దాని కంటికి బండ్లన్నీ ఇనుప ముద్దలే. పొద్దున్నే ఛార్జింగ్ గదిలోంచి బండి బయటికొచ్చేటప్పుడు, ద్వారం దగ్గర దాని చుక్కకు ఒక నంబరు తగిలిస్తాం. అక్కణ్ణుంచి ఆ చుక్కను వదలకుండా వెంబడిస్తూ, 'ఇది నాలుగు, ఇది నాలుగు' అని జపం చేయడమే యంత్రం పని. సంతలో పిల్లవాడి చెయ్యి పట్టుకున్న తల్లి అనుకోండి. వదలదు. వదిలేలా నేను రాయలేదు.

సంతకం రోజు దగ్గర పడుతోంది. త్వరలో శాశ్వతమవుతున్నానని ఇల్లుగలాయనకు చెప్పాను. ఆయన చాలా సంతోషించి వెంటనే అద్దె పెంచాడు.

ఆ కళ్ళజోడు విషయంలో మీ బాధ అర్థమైంది. కాని యంత్రానికి పక్షపాతం ఉండదు. ఆమె ఎవరి శిష్యురాలో కూడా దానికి తెలియదు.

నిష్పక్షపాతంగా,
బావమరిది


గోదాముల ప్రాంగణం,
కుంటి బల్ల, తలుపు వేసుకుని.

బావమరిదికి,

విషయము: నా నేరము – ఒప్పుకోలు – దానిని ఎవరూ నమ్మకపోవుట – గురించి.

పై విషయమై విన్నవించునది ఏమనగా, ఆ గొట్టాన్ని గుద్దింది నేను. ఏడో నంబరు బండి, నా రెండు చేతులు, మరెవరి సాయమూ లేదు. బండి వెనక్కి తీస్తూ గుద్దాను. నీళ్లు చిమ్మిన చప్పుడు వినబడింది. దిగి చూడవలసింది. దిగలేదు, ముందుకు లాగించేశాను. టీ తాగి స్థిమితపడ్డాక వెళ్లి చెబుదామనుకున్నాను. ఈలోగా నీ పెట్టెలు నాలుగో నంబరన్నాయి. 'అబద్ధం నేను ఆడలేదు, యంత్రం ఆడింది, నేను పక్కన నిలబడ్డానంతే' అని నాకు నేనే రోజూ సంజాయిషీ రాసుకున్నాను. అనుభవజ్ఞుడు రాసిన సంజాయిషీ, అయినా ఆమోదం దొరకలేదు.

నిన్న విచారణ సంఘం ముందుకు వెళ్లాను. జరిగిన సంభాషణ యథాతథంగా:

"గుద్దింది నేనండి."

"మీ బండి పడమటి సందులో ఉంది కదా?"

"లేదండి. మూలనే ఉంది."

"యంత్రం అలా చెప్పట్లేదే."

"యంత్రానికేం తెలుసండి, గుద్దినవాణ్ణి నేను చెబుతుంటే!"

"చూడండి పెద్దాయనా, శిష్యురాలి మీద మీకున్న అభిమానం మాకర్థమైంది. కాని ఊరికే చేశానంటే ఎలా? మీ మాటకు ఆధారం ఉండాలిగా."

ఇరవయ్యేళ్లుగా నేను చెయ్యలేదని మొత్తుకున్న పనులన్నీ చేశావనే తేల్చారు. తీరా చేశానంటే చెయ్యలేదంటున్నారు. పైపెచ్చు, కింది ఉద్యోగి పట్ల చూపిన మానవత్వానికి నాకు ప్రశంసాపత్రం ఇవ్వాలని సంఘం ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. ఫోటో కూడా అడిగి తీసుకున్నారు.

వచ్చే నెల మొదటి సోమవారం తీర్పు. అది ఆమెకు వ్యతిరేకంగా వస్తే ఆమెకు వెనక్కి వెళ్లడానికి కూడా చోటు లేదు. ఆ చొక్కాల ఫ్యాక్టరీ మూతపడిందట.

కావున, ధ్రువపత్రం మీద సంతకం తమరిదే గనుక, నా నేరాన్ని తగిన ఆధారాలతో నిరూపించవలసిందిగా మనవి.

ఇట్లు,
నేరస్థుడు (యాజమాన్యం ఇంకా గుర్తించలేదు)

నాకూ నిన్ననే చెప్పారు. గిన్నెలు ఇక శాశ్వతంగా ఆయనవే. — అక్క


ప్రయోగశాల,
కిటికీ లేని గది.

బావగారికి,

మీ లేఖ మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి కొత్త కలం విరిచాను. మూడోసారి అక్క ముఖం చూసి ఊరుకున్నాను.

మీరు నోరు మెదపకుండా గిన్నెలు తోముతున్న ఆ రోజుల్లో నేను నా ఘనకార్యం గురించి డైరెక్టరుకు, ఇల్లుగలాయనకు, మా లిఫ్టు నడిపే ఆయనకు కూడా చెప్పుకున్నాను. లిఫ్టాయన నాలుగు అంతస్తులూ ఓపిగ్గా విన్నాడు. ఇప్పుడు మిమ్మల్ని దోషి అని నిరూపించాలంటే ముందు నేను తప్పని నిరూపించాలి. ఒప్పుకోవడం మీకేం, తేలిక. మీది శాశ్వత ఉద్యోగం. ఈ చివరి వాక్యం నాకే నచ్చలేదు, కాని కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచాను.

పని మాత్రం చేస్తాను. రికార్డు పైపైన చూశాను. మూడో షెడ్డు వెనక నాలుగూ ఏడూ ఎదురుపడి దాటుకున్నట్టుంది. అక్కడే పేర్లు తారుమారై ఉండాలి. ఆదివారం మేనేజరు ఎదుట ఆ రెండు బండ్లనూ అదే చోట ఎదురెదురుగా నడిపించండి. పేర్లు మారిపోతే మీరు నేరస్థులు, ఆమె నిర్దోషి, నేను నిరుద్యోగి. అందరికీ శుభం.

బావమరిది


ఇల్లు,
వంటగది గట్టు మీద.

తమ్ముడూ,

ఈసారి నేనే రాస్తున్నా. మీ బావ 'పై విషయమై' దగ్గరే ఆగిపోయి పై కప్పు చూస్తున్నారు.

ఆదివారం పరీక్ష చూద్దామని వెళ్లి కంచె బయట నిలబడ్డాను. మీ బావ ఒక బండి, ఇంకొకాయన ఒక బండి. ఎదురెదురుగా వచ్చారు, దాటుకున్నారు, మళ్లీ వచ్చారు, మళ్లీ దాటుకున్నారు. పొద్దున్నుంచీ ఇదే పని. నీ పెట్టెలు ఒక్కసారి తప్పు చెబితే ఒట్టు. మీ బావ ప్రతిసారీ బండి దిగి తెర దగ్గరికి పరిగెత్తుకెళ్లి, "ఛ! మళ్లీ కరెక్టే!" అని తల పట్టుకున్నారు. తన తప్పు బయటపడట్లేదని ఏడ్చే మనిషిని నేను ఇప్పుడే చూడ్డం. మేనేజరు ముఖం మాత్రం మతాబులా వెలిగిపోయింది. "చూశారా, కళ్లు మూసుకుని నమ్మొచ్చు" అన్నాడు. నీ గెలుపుకు సంతోషించాలో నిన్ను తిట్టాలో తెలియక ఇంటికొచ్చేశాను.

కళ్ళజోడు కూడా వచ్చింది. కంచె ఇవతల నా పక్కనే నిలబడింది. చేతిలో సంచి, సంచిలో డ్యూటీ చొక్కా. మళ్లీ లోపలికి రమ్మంటారేమోనని తెచ్చుకుందట. వెళ్లేటప్పుడు, "నేను ఎటు పోయానో అన్నకు తెలుసు వదినా" అంది. నేను ఏదో అడగబోయేలోపే వెళ్లిపోయింది.

ఒరేయ్, అప్పటినుంచీ నాకు ఒకటే అనుమానం. ఆ రోజు సంగతి చెప్పమన్నప్పుడల్లా మీ బావ ఒకచోటికి వచ్చేసరికి దగ్గుతున్నారు. ఆయనకు దగ్గు లేదు. ఇంత కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా? నాకు చెప్పరు. నీకు నోటితో చెప్పరు. కాని కాగితం మీద అధికారికంగా అడిగితే జవాబివ్వకుండా ఉండలేరు, అది ఆయన జబ్బు. అడుగు.

అక్క


ప్రయోగశాల,
రెండో అంతస్తు.

బావగారికి,

అనుబంధంలో చిన్న అక్షరాలతో ఏదో నిజాయితీగా రాశానన్నాను కదా, అదేమిటో మరిచిపోయి మళ్లీ చదివాను. ఆ రచనకు దొరికిన మొదటి పాఠకుణ్ణి నేనే. అందులో ఇలా ఉంది: రెండు బండ్లు పక్కపక్కనే ఆగితే యంత్రం వాటిని ఒకే ముద్దగా చూస్తుంది. విడిపోయాక ఏది ఏదో ఊహిస్తుంది.

ఆ ఉదయం రికార్డు ఈసారి పూర్తిగా తీశాను. మీ చుక్కలు దాటుకోలేదు. కలిసి, ఆగాయి. ఒక కప్పు టీ తాగేంత సేపు ఆగాయి. తర్వాత చెరోవైపు విడిపోయాయి. అక్కడ యంత్రం ఏమనుకుందంటే, తూర్పు నుంచి వచ్చింది పడమటికి పోయింది, పడమటి నుంచి వచ్చింది తూర్పుకు పోయింది. అలా అనుకోమని రాసింది నేనే. నా సమీకరణాల్లో బండ్లు ఎదురుపడితే తప్పుకుని పోతాయి. ఆగవు, వచ్చిన దారినే వెనక్కి తిరగవు. వాటిని మనుషులు నడుపుతారన్న సంగతి నాకు తెలుసు, దానికి సమీకరణంలో ఏ అక్షరం వాడాలో తోచక వదిలేశాను.

మీరిద్దరూ వెనక్కి తిరిగి ఉంటే పేర్లు తారుమారు కావడం ఖాయం. ఆదివారం మీరు ఆగకుండా దాటుకుపోయారు గనుక యంత్రం నెగ్గింది. కావున అధికారికంగా అడుగుతున్నాను. ఆ ఉదయం ఎందుకు ఆగారు? ఏం మాట్లాడుకున్నారు? ఎందుకు వెనక్కి తిరిగారు? తిరుగుటపాలో జవాబు కావాలి, దగ్గు అక్కర్లేదు.

బావమరిది


గోదాముల ప్రాంగణం,
ఎవరూ లేని షెడ్డు మెట్ల మీద.

బావమరిదికి,

సందులో బండ్లు ఆపి మాట్లాడుకోవడం నిషేధం. పరీక్షాకాలంలో ఉన్నవాళ్లకు అదీ నల్లగీతే. అందుచేత ఆగామని ఆమె చెప్పలేదు, ఆమె కోసం నేనూ చెప్పలేదు. ఇది నేను సిద్ధం చేసి ఉంచుకున్న సంజాయిషీ. సగం నిజం. మిగతా సగం మీ అక్కకు చూపించకుండా అంటిస్తున్నాను.

తూర్పున మూడో షెడ్డు మూల నుంచి నేను వస్తున్నాను, ఆమె మూలకు వెళుతోంది. మంచులో ముక్కు ముక్కు తగిలేంత దగ్గరకొచ్చి ఇద్దరం ఆగాం. ఆమె స్తంభం వైపు చూపించి, "అన్నా, ఈ పెట్టెలు మంచులో కూడా మనల్ని చూస్తాయంట, నిజమేనా?" అంది.

అంతే. నా నోటి తాళం ఊడిపోయింది.

"నిజమేనా అంటావేంటమ్మా! అవి మా బావమరిదివి. వాడి బుర్రలోంచి ఊడిపడ్డవి. అలాంటి బుర్ర ఇంకోటి లేదు. నిక్కర్లేసుకునే రోజుల్లోనే మా ఇంట్లో రేడియో విప్పి మళ్లీ బిగించాడు, తెలుసా?" అన్నాను. బిగించాక అది మళ్లీ పలకలేదన్న సంగతి దాచాను. తరంగం ఎలా పోతుందో, ఎలా తిరిగొస్తుందో చేతులు ఊపి చెప్పాను. నాకొక్క ముక్క తెలియదు, అయినా ధారాళంగా వచ్చింది. నీ మీద ఇంత గర్వం నాలో ఉన్నట్టు నాకే అప్పుడు తెలిసింది. నీకు తెలియనివ్వకూడదని మాత్రం వెంటనే నిర్ణయించుకున్నాను. ఆదివారం కూడా అందుకే ఆగకుండా నడిపాను. ఆగామంటే ఎందుకాగారంటావు.

ఆ ఊపులోనే, "ఆ మూల ఇరుకు, మంచులో నీకు కష్టం. నువ్వు వచ్చిన దారినే పో, అక్కడి సరుకు నేను తెస్తా" అని పెద్దరికం వెలగబెట్టి బండి తిప్పాను. ఆమె వెనక్కి వెళ్లిపోయింది. నేను మూలకెళ్లి, ఇంకా నీ గొప్పలే మనసులో చెప్పుకుంటూ బండి వెనక్కి తీశాను. మిగతాది నీకు తెలుసు.

బావమరిదిని పొగుడుతూ గొట్టం పగలగొట్టానని ఏ సంఘం ముందు చెప్పను?

బావ

చదివాను. పక్కింటావిడకు కూడా చదివి వినిపించాను. — అక్క


ప్రయోగశాల,
రెండో అంతస్తు.

బావగారికి,

మీ లేఖను ఆధారంగా జతపరచలేదు. జతపరిస్తే నన్ను పొగిడిన ఏకైక పత్రం మీ సంఘం బీరువాలో ఇరుక్కుపోతుంది. దానికి బదులు ఆ ఉదయపు రికార్డు పంపి, మరోసారి పరీక్షించమని మేనేజరును కోరాను. ఎదురుపడాలి, పక్కపక్కనే ఆగాలి, వచ్చిన దారినే తిరిగి పోవాలి. మొదటిసారికే నాలుగు ఏడైంది, ఏడు నాలుగైంది. మేనేజరు ఫోను చేసి మా డైరెక్టరు మీద అరిచారు. డైరెక్టరు మెట్లు దిగి వచ్చి నా మీద అరిచారు. నా కింద ఎవరూ లేరు గనుక ఆ అరుపు నా దగ్గరే ఆగింది. ధ్రువపత్రం తప్పని రాసి సంతకం చేసి పంపించాను.

మరునాడు మేనేజరు ఒక రాజీ సూచించారు. ఆమె మీద ఆరోపణ ఎత్తేస్తారట. అయితే లోపం యంత్రంలో లేదనీ, డ్రైవర్ల ప్రవర్తనలో ఉందనీ నేను రాసివ్వాలి. ఇకమీదట ఏ రెండు బండ్లు పక్కపక్కన ఆగినా శిక్ష రెట్టింపు. అలా రాసిస్తే ఈ నెలలోనే 'పనిచేస్తోంది' అని సంతకం పెడతారట. డైరెక్టరుకు ఈ మాట బాగా నచ్చింది. నాకూ నచ్చింది. ఒక మధ్యాహ్నమంతా చాలా నచ్చింది.

సాయంత్రం జవాబు రాశాను. మనుషులు మాట్లాడుకోకుండా ఉన్నంతకాలమే పనిచేసే యంత్రాన్ని పనిచేస్తోందనలేమని. ప్రతి బండికీ తన నంబరు తానే పలికే చిన్న బిళ్ళ తగిలిస్తే, ఎన్నిసార్లు కలిసి విడిపోయినా ఎవరెవరో తెలుస్తుంది. అది చెయ్యడానికి మరో చలికాలం పడుతుంది. అందుచేత నా తాత్కాలికత్వాన్ని మరో ఏడాది పొడిగించారు. డైరెక్టరు ఇప్పుడు నన్ను నా సొంత పేరుతోనే పిలుస్తున్నారు, అదీ గట్టిగా. ఇల్లుగలాయన అద్దె తగ్గించలేదు.

తీర్పు ఏమైందో రాయండి.

తాత్కాలికంగా,
బావమరిది


గోదాముల ప్రాంగణం,
ఛార్జింగ్ గది, బ్యాటరీల మధ్య నుంచి.

బావమరిదికి,

నేరం రుజువైంది. కృతజ్ఞతలు. ప్రశంసాపత్రం రద్దయింది, ఫోటో తిరిగిచ్చారు. నన్ను బండి మీంచి దించి ఏడాదిపాటు ఛార్జింగ్ గదిలో వేశారు. బ్యాటరీలు ఉన్నచోటే ఉంటాయి గనుక వాటిని నేను గుద్దలేనని సంఘం అంచనా. ఆలస్యంగా చెప్పినందుకు విడిగా ఇంకో మెమో ఇచ్చారు. దానికి సంజాయిషీ రాద్దామని కూర్చుని, రెండు కాగితాలు చింపి, 'చెప్పుకోవడానికేమీ లేదు' అని ఒక్క ముక్క రాసిచ్చాను. ఆఫీసు గుమాస్తా రెండోపక్క కూడా తిప్పి చూశాడు.

కళ్ళజోడుకు బండి ఆపి మాట్లాడినందుకు మందలింపు మాత్రం మిగిల్చి, నల్లగీత కొట్టేశారు. ఇవాళ పొద్దున పనిలోకి వచ్చింది. ఏ బండి కావాలన్నా నా దగ్గరికే రావాలి గదా. ధన్యవాదాలు చెబుతుందని టోపీ సరిచేసుకున్నాను. 'అబ్బే, ఇందులో నాదేముందమ్మా' అనే జవాబు కూడా సిద్ధం చేసుకుని, ఒకసారి లోలోపల అని చూసుకున్నాను. బాగానే ఉంది.

నాలుగో నంబరు తాళం ఇచ్చాను. తీసుకుంది. సీట్లో కూర్చుని, బండి కదిలించకుండా అంది:

"ఆ మూలకు పోయింది మీరేనని నాకు తెలుసన్నా. వాళ్లు అడిగినప్పుడు ఆ మాట చెప్పేదాన్నే. మీరే చెబుతారు కదా అని చెప్పలేదు."

బండి తీసుకుని వెళ్లిపోయింది.

నేను సిద్ధం చేసుకున్న జవాబు దానికి పనికిరాలేదు. మధ్యాహ్నం దాకా ఇంకో జవాబు కోసం వెతికాను. ఆమె బండి తిరిగి తెచ్చినప్పుడు లేచి నిలబడి, "తప్పు నాదమ్మా" అన్నాను. సంఘం ముందు అన్న మాటే. కాని అక్కడ ఇంత కష్టం కాలేదు.

ఆమె దిగి తాళం నా చేతిలో పెట్టింది.

"రేపటికి ఫుల్ ఛార్జింగ్ పెట్టన్నా. ఇవాళ సగం దారిలోనే దిగిపోయింది" అంది.

పెట్టాను. వెళ్లబోయి, మళ్లీ వెనక్కొచ్చి తీగ సరిగ్గా తగిలిందో లేదో చూసుకున్నాను.

బావ